"ఏ ఏరియా సేఫ్ అన్నా?" – సూర్యాపేట నుంచి ఈస్ట్ హామ్ దాకా ఒక పాత ప్రశ్న

(వెలివాడ నుంచి వీధి దాకా – 7వ భాగం)



సెప్టెంబర్, జనవరి అడ్మిషన్లు దగ్గర పడ్డాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, లండన్‌లో ఏ ఏరియా సేఫ్? రాత్రి పార్ట్‌టైమ్ చేసి వస్తే భయం లేని ఏరియా ఏది?" తల్లిదండ్రులు అప్పు తెచ్చి పంపుతున్నారు. బిడ్డ తెలియని దేశంలో తెలియని వీధిలో ఉంటుంది. భయం న్యాయమే. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను.

అయితే ఈ ప్రశ్న మన ఇళ్ళల్లో లండన్‌తో మొదలు కాలేదు. మన తాతలు సూర్యాపేట సంతకు పోయేటప్పుడు ఇదే అడిగేవారు. ఏ బాట నుంచి పోవాలి? ఎవరి అరుగు ముందు చెప్పులు చేతబట్టుకోవాలి? పొద్దుగూకితే ఎక్కడ తలదాచుకోవాలి? జవాబు చెప్పే పుస్తకం ఏదీ లేదు, ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరేది. అందుకే ఈ భాగంలో ఆ ప్రశ్న చరిత్రనే చూద్దాం. ఒక వీధి ఒకరికి సేఫ్, ఇంకొకరికి ప్రమాదం ఎందుకవుతుంది? ప్రమాదం ఉన్న వీధి ఎప్పుడు మారుతుంది?

బాట చూపినోడికే బాట లేదు

నైజాం కాలంలో సూర్యాపేట నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. ఎర్రపహాడ్ దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని తెలంగాణ పోరాట చరిత్ర రాసినవాళ్ళంతా చెప్పారు. ఆ భూమి గురించి చాలామంది రాశారు. నేను వేరే సంగతి అడుగుతున్నాను. ఆ కాలంలో ఊరికి కొత్తగా వచ్చిన మనిషి భద్రత ఎవరి బాధ్యత?

వచ్చినవాడు తహసీల్దారో, పోలీసు అమీనో, దొర చుట్టమో అయితే అతని భద్రత మాల మాదిగల వెట్టి కింద ఉండేది. సామాను మోయాలి. కచ్చడం ముందూ వెనకా పరుగెత్తాలి. ఒక ఊరి పొలిమేర నుంచి ఇంకో ఊరి పొలిమేర దాకా బాట చూపాలి. కాగితాలు మోసుకుపోవాలి. ఇంటికొక మనిషి వంతు. కూలి లేదు.

తాలూకాలో ప్రతి బాటా, ప్రతి వాగూ, ప్రతి మలుపూ తెలిసినోడు వెట్టి మాదిగ. రాత్రిపూట పెద్దమనుషుల ప్రయాణానికి ధైర్యం అతనే. కానీ అదే మనిషి సొంత పని మీద పక్క ఊరికి పోతే బావి దగ్గర ఎవరైనా దయతలిచి పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేదాకా నిలబడాలి. బాట తెలిసినంత మాత్రాన అది నీది కాదు. భద్రత అంటే దారి తెలియడం అనుకునే పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ దారిలో నీకు హక్కు ఉందా అనేదే అసలు సంగతి.

బాబాసాహెబ్ గది వెతుక్కున్న రోజులు

డాక్టర్ అంబేద్కర్ తన జ్ఞాపకాలు కొన్ని రాసి, వాటికి "వీసా కోసం ఎదురుచూపు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వీసా కోసం తిరిగే ప్రతి విద్యార్థీ ఆ చిన్న పుస్తకం చదవాలి. అందులో ఆయన ఏ దేశపు వీసా గురించీ చెప్పలేదు. సొంత దేశంలో మనిషిగా లోపలికి రానివ్వమని అడగాల్సి వచ్చిన సందర్భాలు చెప్పారు.

1917లో అమెరికా, ఇంగ్లండ్ చదువుల నుంచి వచ్చి బరోడాలో ఉద్యోగానికి దిగారు. ఉండడానికి చోటు లేదు. హిందూ హోటల్ రానివ్వదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకొని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నారు. పదకొండో రోజు పొద్దున్న డజనుమంది పార్సీలు కర్రలతో వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలన్నారు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. రాత్రి రైలు దాకా ఊరి తోటలో కూర్చొని బొంబాయికి తిరిగిపోయారు. ఐదేళ్ళు పరాయి దేశాల్లో ఉన్నప్పుడు తాను అంటరానివాడినన్న సంగతే మనసులోంచి పోయిందని ఆయనే రాశారు. బరోడా దాన్ని గుర్తుచేసింది.

రెండో సంగతి మన నైజాం రాజ్యంలోనే జరిగింది. 1934లో సహచరులతో దౌలతాబాద్ కోట చూడబోయారు. ప్రయాణపు దుమ్ము కడుక్కుందామని కోట వాకిలి దగ్గరి చెరువు నీళ్ళతో కొందరు ముఖాలూ కాళ్ళూ కడుక్కున్నారు. చెరువు మైల పడిందని గొడవ లేచింది. చివరికి లోపలికి పోనిచ్చారు కానీ, వెంట ఒక ఆయుధం పట్టిన సిపాయిని పంపారు. ఎందుకు? వీళ్ళు కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడడానికి. సందర్శకుడి పక్కన కాపలా ఉంది. ఆ కాపలా సందర్శకుడి కోసం కాదు, నీళ్ళ కోసం. పోలీసు ఉన్నచోటల్లా భద్రత ఉంటుందనుకునేవాళ్ళు దౌలతాబాద్‌ను మర్చిపోకూడదు.

మరి లండన్? 1921–22లో ఆయన ఉన్న ఇల్లు కింగ్ హెన్రీస్ రోడ్‌లో 10వ నంబర్. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. ఇది నివాస వీధి, మ్యూజియం పెట్టొద్దని ఇరుగుపొరుగు నుంచి ఫిర్యాదులు పోయాయి. స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. విచారణ జరిగి 2020 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతిచ్చింది. లండన్ పోయే పిల్లలు ఆ ఇల్లు తప్పక చూడండి. బాబాసాహెబ్‌కు ఆ వీధిలో దొరికిన గది బరోడాలో దొరకలేదన్నది నిజం. అయితే లండన్ అందరికీ తలుపు తీసి కూర్చుందనుకుంటే పొరపాటు. ఆ కథ కూడా తెలుసుకోవాలి.

లండన్ వీధులు ఊరికే మారలేదు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి, పంజాబ్ నుంచి, సిల్హెట్ నుంచి మనుషులు ఇంగ్లండ్‌కు పనికి పోయారు. ఫ్యాక్టరీలో, బస్సులో, ఆసుపత్రిలో వాళ్ళు కావాలి. ఇల్లు మాత్రం ఇవ్వరు. నల్లవాళ్ళకు అద్దెకు లేదని కిటికీలకు బోర్డులు పెట్టేవారు. పని కావాలి, మనిషి వద్దు. మన ఊరికీ మాలపల్లెకూ మధ్య ఉన్న లెక్క ఇదే.

1958 ఆగస్టు చివర్లో నాటింగ్ హిల్‌లో తెల్ల గుంపులు కరీబియన్ల ఇళ్ళ మీద దాడులు చేశాయి. మరుసటి ఏడు మే 17న ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి కెల్సో కాక్రేన్‌ను అక్కడే వీధిలో పొడిచి చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. నాటింగ్ హిల్ ఇవాళ పర్యాటకులు ఫొటోలు దిగే ఏరియా.

బర్మింగ్‌హామ్ పక్కన స్మెథ్విక్ అనే ఊరుంది. అక్కడ మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ ఇళ్ళు కొని తెల్లవాళ్ళకే ఇవ్వాలని కౌన్సిల్ పథకం వేసింది. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పిలిస్తే 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ వచ్చి ఆ వీధిలో నడిచారు. తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన హత్య జరిగింది. మార్షల్ స్ట్రీట్ పథకం సాగలేదు. ఆ ఏడాదే బ్రిటన్‌లో తొలి జాతి సంబంధాల చట్టం వచ్చింది, కానీ అందులో ఇంటి అద్దె లేదు. మళ్ళీ కొట్లాడితే 1968 చట్టంలో ఇల్లూ, ఉద్యోగమూ చేరాయి. ఒక్క కిటికీ బోర్డు తీయించడానికి రెండు చట్టాలు పట్టాయి.

చట్టంతో చంపడం ఆగిందా? ఆగలేదు. 1978 మే 4న తూర్పు లండన్ వైట్‌చాపెల్‌లో పని ముగించుకొని ఇంటికి పోతున్న అల్తాబ్ అలీ అనే బెంగాలీ బట్టల కార్మికుణ్ణి చంపారు. పది రోజుల్లో దాదాపు 7,000 మంది శవపేటిక వెనక బ్రిక్ లేన్ నుంచి ప్రధాని ఇంటి దాకా నడిచారు. అతను పడిపోయిన చోటి పార్కుకు 1998లో అతని పేరే పెట్టారు.

1980 జులైలో ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో అఖ్తర్ అలీ బేగ్ హత్య జరిగింది. మన తెలుగు పిల్లలు గదులు వెతుక్కునే ఈస్ట్ హామే అది. దోసెల హోటళ్ళు, గుళ్ళు, ఇండియన్ కిరాణా ఉన్న వీధి. ఆ హత్య తర్వాత అక్కడి ఆసియా, నల్లజాతి యువకులు న్యూహామ్ మానిటరింగ్ ప్రాజెక్టు పెట్టుకున్నారు. 24 గంటల ఫోన్ నడిపారు. దాడి జరిగితే పోయి నిలబడ్డారు. ప్రతి సంఘటన రాసిపెట్టారు. పోలీసు కేసు కట్టకపోతే ఎందుకు కట్టలేదని అడిగారు. "అన్నా, ఈస్ట్ హామ్ సేఫేనా?" అని అడిగే తమ్ముడికి నా జవాబు: నీకంటే నలభై ఏళ్ళ ముందు నీలాంటోళ్ళు దాన్ని సేఫ్ చేశారు, చేతనైనంత. వాళ్ళ పేర్లు తెలుసుకొని పో.

1993 ఏప్రిల్ 22న ఎల్తామ్‌లో బస్ స్టాప్ దగ్గర 18 ఏళ్ళ స్టీఫెన్ లారెన్స్‌ను తెల్ల కుర్రాళ్ళు పొడిచి చంపారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1999లో మాక్‌ఫర్సన్ విచారణ నివేదిక లండన్ పోలీసు శాఖలో వ్యవస్థాగత జాత్యహంకారం ఉందని తేల్చిచెప్పింది. ఇద్దరికి శిక్ష పడింది 2012లో. పంతొమ్మిదేళ్ళు. అంటే అక్కడ న్యాయం పరుగెత్తుకు రాలేదు. లాక్కొచ్చారు.

మన టులెట్ బోర్డు

ఇప్పుడు ఎన్‌హెచ్ 65 మీద మన ఊళ్ళకు వద్దాం.

చివ్వెంల నుంచో, మునగాల నుంచో, దామరచర్ల నుంచో ఒక దళిత విద్యార్థి టౌన్‌కు వస్తాడు. డిగ్రీకో, కోచింగ్‌కో గది కావాలి. గేటుకు టులెట్ బోర్డు ఉంటుంది. ఓనర్ మర్యాదగానే మాట్లాడతాడు. "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంది? నాన్న ఏం చేస్తడు?" ఇంకా తేలకపోతే, "మీరెవరు?" ఆ మాటకు అర్థం మనందరికీ తెలుసు. తర్వాత, "మొన్ననే వేరేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చిపోయిండ్రు." సాయంత్రం పోయి చూస్తే బోర్డు అక్కడే వేలాడుతుంది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కేసు పెట్టడానికి ఏమీ జరగలేదని పిల్లవాడు అనుకుంటాడు. ఊరి చివర ఇంకో కాలనీకి పోతాడు. టౌన్‌లో కూడా వెలివాడ అట్లా తయారవుతుంది, గోడ కట్టకుండా.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. బ్రిటన్ ఇంటి అద్దెను చట్టంలోకి తెచ్చింది 1968లో. మన దేశం 1955లోనే తెచ్చింది. 1955 అంటరానితనం నేరాల చట్టం, 1976 సవరణ తర్వాత పౌర హక్కుల పరిరక్షణ చట్టం. అందులో సెక్షన్ 4 చదవండి. దుకాణం, బావి, దారితో పాటు ఎనిమిదో క్లాజులో ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడం, పొందడం, అందులో ఉండడం అనే మాట స్పష్టంగా ఉంది. అంటరానితనం కారణంగా దాన్ని అడ్డుకుంటే నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. సెక్షన్ 12 ఇంకా ముఖ్యం. చట్టంలో చెప్పిన నేరం షెడ్యూల్డ్ కులం మనిషి పట్ల జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడు. సెక్షన్ 15 ప్రకారం పోలీసు నేరుగా కేసు కట్టొచ్చు.

పదమూడేళ్ళు ముందున్న చట్టం మనది. కానీ వాడినోళ్ళు ఎంతమంది? అద్దె గది దగ్గర ఈ సెక్షన్ పేరెత్తిన విద్యార్థిని మీరెవరైనా చూశారా? అక్కడ చట్టం లేక కొట్లాడి తెచ్చుకున్నారు. ఇక్కడ ఉన్న చట్టాన్ని మనం అల్మారాలో పెట్టుకున్నాం. పైగా 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, ఒక సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకునే నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. బరోడా సత్రం సంగతి చదివినవాళ్ళకు ఈ తీర్పు ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

కొత్తోడు ఎవరు? ఊరోడు ఎవరు?

భద్రత సలహాలు చెప్పేవాళ్ళు ఒకే మాట అంటారు. తెలియనివాళ్ళతో జాగ్రత్త. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఏం జరిగింది? ప్రణయ్ ఆ ఊరి బిడ్డ. గర్భవతి అయిన భార్యను డాక్టర్‌కు చూపించి, తల్లి పక్కనుండగా, పట్టపగలు ఆసుపత్రి నుంచి బయటికొస్తున్నాడు. వీధి తెలుసు, ఆసుపత్రి తెలుసు, మనుషులు తెలుసు. వెనక నుంచి వచ్చి నరికినవాడు బీహార్ నుంచి వచ్చాడు. సుపారీ ఇచ్చి అతన్ని రప్పించింది మాత్రం బీహార్ కాదు. మాల పిల్లవాడు వైశ్యుల అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడన్న కోపం రప్పించింది. డబ్బుతో వచ్చిన పరాయివాడికి ఊళ్ళో దారి దొరికింది. ఊళ్ళో పుట్టిన దళితుడికి ఆసుపత్రి గేటు కూడా సేఫ్ కాలేదు.

2025 మార్చి 10న నల్లగొండ ఎస్సీ, ఎస్టీ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రధాన నిందితుడైన మామ 2020లోనే చనిపోయాడు. ఆ తీర్పుకు ఆరు వారాల ముందు, జనవరి చివర, సూర్యాపేట పక్కన పిల్లలమర్రి దగ్గర మూసీ కాలువ కట్ట మీద ఇంకో దళిత యువకుడి శవం దొరికింది. అతనిదీ కులాంతర వివాహమే. భార్య తరఫు బంధువులను పోలీసులు అరెస్టు చేశారు.

కాబట్టి మన పిల్లలకు చెప్పాల్సిన మాట వేరు. చీకటి సందు కంటే, తెలియని ముఖం కంటే, ఇంటిపేరు అడిగి నవ్వు తగ్గించిన తెలిసిన ముఖం మనకు ఎక్కువసార్లు ప్రమాదమైంది. అదే సమయంలో మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీలు కూడా మన ఊళ్ళకు కొత్తోళ్ళే. ఒక హంతకుడి పేరు మీద వాళ్ళందరినీ అనుమానంగా చూస్తే, లండన్‌లో మనల్ని చూసిన చూపే మనం ఇక్కడ చూసినట్టు. వాళ్ళకు గది ఇవ్వని ఓనరూ మనకు గది ఇవ్వని ఓనరూ చాలాసార్లు ఒక్కడే.

కులం కూడా విమానం ఎక్కుతుంది

లండన్ చేరిన మన పిల్లల్లో కొందరు చెప్పే మాట ఇది. తెల్ల ఓనర్ పాస్‌పోర్టు, డబ్బు అడుగుతాడు. షేరింగ్ గదిలో తెలుగు రూమ్మేట్ ఇంటిపేరు అడుగుతాడు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు పెట్టారు. 2013లో చేర్చి తీరాలని పార్లమెంటు చెప్పింది. 2018 జులైలో ప్రభుత్వం వెనక్కి తగ్గి, కోర్టు తీర్పులు చాలన్నది. వాళ్ళు చూపించిన తీర్పు తిర్కీ కేసు. ఇంటిపనికి ఇంగ్లండ్ తీసుకుపోయిన ఒక ఆదివాసీ మహిళ తన యజమానుల మీద వేసిన కేసు అది. 2014లో అప్పీలు ట్రిబ్యునల్, కులం కూడా కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందికి రావచ్చన్నది. ఈ దారి లండన్ పోయే ప్రతి దళిత విద్యార్థికీ తెలియాలి. పాస్‌పోర్టు నకలుతో పాటు ఇదీ జేబులో ఉండాలి.

మరి ఏం చేద్దాం?

ప్రతి నెల 30న మన ఊళ్ళల్లో పౌర హక్కుల దినం జరపాలి. తహసీల్దారు, ఎస్సై వచ్చి రెండు గ్లాసుల సంగతి, గుడి సంగతి అడుగుతారు. ఆ రోజు అద్దె గదుల సంగతి మనం లేవనెత్తాలి. గ్రామాల్లోనే కాదు, టౌన్ వార్డుల్లో కూడా జరపమని అడగాలి. అట్రాసిటీ రూల్స్ ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. సూర్యాపేటలో, నల్లగొండలో ఎన్నిసార్లు కూర్చుందో సమాచార హక్కు కింద అడగండి. విద్యార్థి సంఘాలు ఒక నోటుబుక్ పెట్టండి. ఏ కాలనీలో, ఏ తేదీన, ఏమని చెప్పి గది లేదన్నారో రాయండి. ఇద్దరు కలిసి పోండి, రెండోవాడు సాక్షి అవుతాడు. న్యూహామ్ పిల్లలు చేసింది ఇదే. వాళ్ళ దగ్గర ఫోనూ, నోటుబుక్కూ, పిలిస్తే వచ్చే నలుగురూ ఉండేవారు.

కారంచేడు నుంచి 1985 జులైలో తరిమేస్తే మనవాళ్ళు చీరాలలో నిలబడి కొత్త కాలనీ కట్టుకున్నారు. ఆ నిలబడడం నుంచి దళిత మహాసభ పుట్టింది, 1989 అట్రాసిటీ చట్టానికి బలం వచ్చింది. ఎక్కడ చూసినా క్రమం ఇదే. ముందు మనుషులు నిలబడ్డారు, తర్వాత చట్టం కదిలింది, ఆ తర్వాతే వీధి మారింది.

తమ్ముడూ, చెల్లీ, లండన్ పోండి. రాత్రి ఒంటరిగా వచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండండి, ఎక్కడున్నారో ఒక స్నేహితుడికి చెప్పి ఉండండి. ఆ జాగ్రత్తలు అవసరమే. దిగినాక మీ వీధిలో ఏ సంఘం ఉందో, దాడి జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో మొదటి వారంలోనే కనుక్కోండి. ఇక్కడే ఉండేవాళ్ళు సెక్షన్ 4 తెలుగులో రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించండి. వచ్చే ఏడాది పల్లె నుంచి గది కోసం వచ్చే పిల్లవాడు మొదటి రోజే దాన్ని చదవాలి.

తర్వాతి భాగంలో సంక్షేమ హాస్టళ్ళ చరిత్ర.

జై భీమ్.